మూత తీసేది మనం, రాత చదివేదెవరు?

సేద్యంలో పనిదినాలు తగ్గిపోయాక మన పల్లెల కుర్రాళ్లు పార వదిలి బ్రష్షు పట్టారు. గుంటూరు, విజయవాడ, హైదరాబాదు, బెంగళూరు. ఎక్కడ మేడ లేస్తుంటే అక్కడ మన పిల్లలున్నారు. గోడలకు లప్పం పెట్టేది వాళ్లు. తలుపులకు పాలిష్ కొట్టేది వాళ్లు. వాన నీరు దిగకుండా డాబా మీద పూత వేసేది వాళ్లు. నీళ్ల సంపులో దిగి లోపలి గోడలకు పూత పట్టించేది వాళ్లు. ఈ పనుల్లో చాలావాటికి మొదట కొట్టేది సీలరు. దాన్ని పల్చన చేసేది థిన్నరు. ఈ రెండు డబ్బాల గురించి ఈ పక్షం రాయదల్చుకున్నాం.

ఉద్యమ పత్రికలో రంగు డబ్బాల గొడవేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. మన మీద దాడి జరిగితే మనం వెళ్తాం. నిజనిర్ధారణ చేస్తాం, ధర్నా చేస్తాం, కోర్టుల చుట్టూ తిరుగుతాం. చెయ్యాల్సిందే. కానీ కత్తీ గొడ్డలీ లేకుండా, తిట్టూ కొట్టూ లేకుండా, కూలి డబ్బులిచ్చి మరీ మన వాళ్ల ప్రాణాలు తీస్తున్న చోటికి మాత్రం శవం లేచాకే వెళ్తున్నాం. చందాలేసుకుని దినం జరిపిస్తున్నాం. 'ప్రమాదవశాత్తు' అని పోలీసులు రాసుకుంటే తలూపి వస్తున్నాం. అది ప్రమాదం ఎట్లా అవుతుంది? అది అంటుకుంటుందని తయారుచేసినోడికి తెలుసు. అమ్మినోడికి తెలుసు. కాంట్రాక్టరుకు తెలుసు. డబ్బా మీద రాసి కూడా ఉంది. తెలియనిది ఆ మూత తీసే మనిషి ఒక్కడికే. ముగ్గురికి తెలిసి ఒక్కడికి చెప్పకపోతే దాన్ని ప్రమాదం అనరు.

మేం బడిపంతుళ్లం. మా ఇళ్లల్లో అక్షరాలు కూడబలుక్కున్న మొదటి తరం మాదే. అక్షరం ఎవరి చేతిలో ఉందనేది అందుకే మాకు చిన్న విషయంగా కనపడదు. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం పొయ్యమన్న దేశం ఇది. ఇప్పుడా శ్రమ అక్కర్లేదు. చదవాల్సినోడికి రాని భాషలో రాస్తే సరిపోతుంది. ఇరవై లీటర్ల డబ్బా మీద కంపెనీ పేరు తాటికాయంత అక్షరాల్లో ఉంటుంది. జాగ్రత్తలు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి, అదీ ఎక్కువగా ఇంగ్లీషులో. అదే కంపెనీ టీవీలో ప్రకటన ఇచ్చేటప్పుడు చక్కటి తెలుగు మాట్లాడుతుంది. అమ్మడానికి వచ్చిన తెలుగు హెచ్చరించడానికి ఎందుకు రాదు?

సరే, వాళ్లు చెప్పనిది మనమే చెప్పుకుందాం.

సీలర్లు రెండు రకాలు. నీళ్లతో కలిపేది ఒకటి, థిన్నరుతో కలిపేది ఒకటి. మన బాధ రెండోదానితో. చెక్కపనిలో వాడే సాండింగ్ సీలరులో చాలావరకు నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం ఉంటుంది. పత్తిలోనో చెక్కగుజ్జులోనో ఉండే పీచును ఆమ్లాలతో మార్చి దాన్ని చేస్తారు. పొగ రాని తుపాకి మందు తయారయ్యేదీ ఆ కుటుంబపు సరుకుతోనే. కాబట్టి తడి సీలరే కాదు, ఎండినాక ఎమిరీ కాగితంతో రుద్దితే రాలే తెల్లటి పొడి కూడా భగ్గుమంటుంది. ఆ పొడి కుప్ప పక్కన కూర్చుని బీడీ ముట్టించేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. డాబాల మీద, బండల మీద కొట్టే సీలర్లలో టోలుయిన్, జైలీన్, టర్పెంటైన్ లాంటి ద్రావకాలు ఉంటాయి. మన చెప్పులు కుట్టే అన్నలు వాడే సొల్యూషన్ డబ్బా కూడా వీటికి చుట్టమే. కాబట్టి ఇది పెయింటర్ల ఒక్కళ్ల గోల కాదు.

ఇందులో మండేది ద్రావకం కాదు, దాని ఆవిరి. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. కంటికి కనపడని ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్లలాగా పల్లానికి పాకుతుంది. గడప దాటి, మెట్లు దిగి, పక్క గదిలో వెలుగుతున్న గ్యాసు పొయ్యి దాకా పోగలదు. అక్కడ అంటుకుంటే మంట వచ్చిన దారినే డబ్బా దాకా వెనక్కి వస్తుంది. 'నేను అగ్గిపుల్ల గియ్యలేదయ్యా' అని మనవాడు నెత్తీ నోరూ కొట్టుకుంటాడు. నిజమే, గియ్యలేదు. పక్కగదిలో ఎవరో టీ పెట్టారు. లేదా స్విచ్చి నొక్కారు. లేదా డ్రిల్లింగ్ మిషన్ ఆడించారు.

డబ్బాల మీద ఫ్లాష్ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది. ఎన్ని డిగ్రీల వేడికి ఆ ద్రావకం నిప్పందుకునేంత ఆవిరిని వదులుతుందో చెప్పే అంకె అది. టోలుయిన్‌కు 4 డిగ్రీలే. అంటే మంచుగడ్డల మధ్య పెట్టినా దాదాపు సిద్ధంగానే ఉంటుంది. కొన్ని సీలర్లకు 40 డిగ్రీలు, ఇంకా పైన ఉంటుంది. అలాంటివాటిని 'త్వరగా అంటుకునేది' అనకుండా 'మండగలిగేది' అని కాస్త మెత్తగా రాస్తారు. అమెరికాలో చాలాకాలం 38 డిగ్రీల దగ్గర ఈ గీత గీసుకున్నారు. వాళ్ల చలి దేశానికి ఆ గీత సరిపోతుందేమో. మన రెంటచింతలలో మే నెలలో గాలే 45 దాటుతుంది. ఇక ఎండకు కాగిన డాబా సంగతి, దాని మీద నిలబెట్టిన ఇనప డబ్బా సంగతి వేరే చెప్పాలా? పుస్తకంలో 'మండగలిగేది' మన డాబా మీదికి వచ్చేసరికి 'అంటుకోవడానికి తయారుగా ఉన్నది' అవుతుంది. పుస్తకం చదివిన ఇంజనీరు నీడలో ఉంటాడు. డబ్బా మోసేవాడు ఎండలో ఉంటాడు.

ఇప్పుడు సంపు సంగతి. ఇక్కడ కాసేపు ఆగాలి.

1927 మార్చి 20న అంబేడ్కర్ మహాద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి చూపించారు. 1985 జూలైలో కారంచేడు మారణకాండకు మొదలు మంచినీళ్ల చెరువు దగ్గరే పడింది. మన నీళ్లు పాడుచేస్తున్నారేమని ఒక మాదిగ ఆడబిడ్డ అడిగినందుకు ఆరుగురు మాదిగల ప్రాణాలు తీశారు. నీళ్ల దగ్గర మనకున్న చరిత్ర ఇది. నీళ్లు ముట్టుకోవద్దన్న వాళ్లే ఇవాళ నీళ్లు నిలవుండే సంపులో మనల్ని దిగమంటున్నారు. నీళ్లు లేనప్పుడు మాత్రమే సుమా! దిగి, పాచి గోకి, సీలరు కొట్టి, పైకొచ్చాక ఆ ఇంట్లో మంచినీళ్లడిగితే ఏ గ్లాసులో ఇస్తారో ఈ పత్రిక చదివేవాళ్లకు మేం చెప్పక్కర్లేదు. పెయింటు పనిలో అన్ని కులాల పేదలూ ఉన్నారు, ముస్లిం సోదరులూ బాగా ఉన్నారు. అది కాదనం. ముఠాలో నలుగురుంటే నిచ్చెన పైన ఎవరు, సంపు లోపల ఎవరు అనేది మాత్రం మీ ఊరి ముఠాలో మీరే చూసుకోండి.

బడిలో పిల్లల చేత మేం ఒక లెక్క చేయించాం. లీటరు టోలుయిన్ పూర్తిగా ఆవిరైతే సుమారు 230 లీటర్ల ఆవిరవుతుంది. గాలిలో అది నూటికి 1 పాలు కాస్త దాటితే, రవ్వ పడితే పేలుతుంది. 5,000 లీటర్ల సంపు తీసుకోండి. అందులో ఎంత థిన్నరు ఆవిరైతే పేలే పాలు వస్తుంది? పావు లీటరు. ఒక్క పెద్ద గ్లాసు. గోడలన్నిటికీ పూత పట్టించడానికి లీటర్ల కొద్దీ పోస్తున్నాం! ఇంకో లెక్క కూడా ఉంది. పది లక్షల పాళ్ల గాలిలో 500 పాళ్ల టోలుయిన్ చేరితేనే మనిషి ప్రాణానికి, తప్పించుకుని బయటపడే శక్తికి ముప్పని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. పేలే పాలు దానికి ఇరవై రెట్లకు పైనే. అంటే సంపు పేలకముందే మనిషి పడిపోతాడు. తల తిరుగుతుంది, కల్లు తాగినట్టు మాట తడబడుతుంది, నవ్వొస్తుంది, కాళ్లు తేలిపోతాయి. పైనున్నవాళ్లు 'తాగొచ్చాడ్రా' అనుకుంటారు. వాసన బాగా వస్తే పైకి వచ్చేద్దాంలే అనుకోకండి. ముక్కు కాసేపటికే ఆ వాసనకు అలవాటుపడిపోతుంది.

"ఏం కాదురా, నోట్లో బెల్లం ముక్క ఏసుకుని దిగు" అంటాడు మేస్త్రి. కొందరు అరటిపండిస్తారు, కొందరు పాలు తాగిస్తారు. దిగేముందు క్వార్టరు పోయించే మహానుభావులూ ఉన్నారు. బెల్లానికి, పాలకు ఈ ఆవిరిని ఆపే శక్తి లేదు. సారా అయితే అపాయాన్ని రెట్టింపు చేస్తుంది, రెండు మత్తులూ కలుస్తాయి. ముక్కుకు కట్టుకునే తువ్వాలు, కరోనా నాటి మాస్కు దుమ్మును కొంత ఆపుతాయేమో గాని ఆవిరిని ఆపవు. ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బీలున్న మాస్కులు వేరే ఉంటాయి. డాబా మీద, గదుల్లో అవి పనికొస్తాయి. సంపులో అవి కూడా చాలవు.

అందుకని సంపు పనికి ఒప్పుకునే ముందు అడగాల్సింది కూలి రేటు ఒక్కటే కాదు. మొదట అడగాల్సింది, 'థిన్నరు సరుకెందుకు, సిమెంటుతో కలిపి పూసే రకం, నీళ్లతో కలిపే రకం తెప్పించరాదా?' అని. తాగునీటి సంపులకు పనికొచ్చే అలాంటి పూతలు బజారులో ఉన్నాయి. తొందరగా ఆరుతుందని, ఒక రోజు కలిసొస్తుందని కాంట్రాక్టరు రెండోది తెస్తాడు. కలిసొచ్చే ఆ రోజు వాడిది. ఇక తప్పదంటే బయట నిలబెట్టిన బ్లోయరుతో గొట్టం ద్వారా సంపు అడుగుదాకా మంచి గాలి పంపుతూనే ఉండాలి, పని అయ్యేదాకా ఆపకూడదు. ఇంట్లో ఫ్యాను తెచ్చి సంపులో దించడం, వైరుకు బల్బు వేలాడదీయడం చావును దించడమే. లోపలున్నవాడి నడుముకో, చంకల కిందుగానో తాడు కట్టి ఉండాలి. తాడు రెండో కొస పైన ఒక మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు. 'తాడు పట్టుకున్నోడికి కూడా కూలెందుకు?' అంటే ఆ పని మనకొద్దు.

లోపల మనిషి పడిపోతే ఏం చెయ్యాలి? ఇది చదివి ఊరుకోకుండా నలుగురికీ చెప్పండి. వెనకాలే దూకకూడదు. తమ్ముడే కావచ్చు, కొడుకే కావచ్చు, దూకకూడదు. సంపుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకడి కోసం ఒకడు దిగి వరసగా పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మొదటివాణ్ని పడగొట్టిన గాలి రెండోవాణ్ని వదలదు. తాడుంటే లాగండి. గాలి పంపడం ఆపకండి. 101కి, 108కి, 112కి ఫోను కొట్టండి, 'ట్యాంకులో మనిషి పడ్డాడు, రంగుల ఆవిరి' అని స్పష్టంగా చెప్పండి. బయటికి తీశాక గాలి తగిలే చోటికి చేర్చి, తడిసిన బట్టలు విప్పి, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే, తెలిసినవాళ్లుంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

మంట లేస్తే మన చేతులు మొదట వెతికేది నీళ్ల బకెట్టు. థిన్నరు మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్ల మీద తేలి గదంతా పరుచుకుంటుంది. చిన్న మంటైతే డబ్బాకు మూత వెయ్యండి, పొడి ఇసక కుమ్మరించండి, పొడి చల్లే ఎర్ర సిలిండరుంటే వాడండి. ఇసక కట్టడం దగ్గర ఎటూ ఉంటుంది, పని మొదలెట్టే ముందే రెండు బకెట్లు పక్కన పెట్టుకుంటే సరి. మంట మోకాలెత్తు దాటితే సామాను వదిలి బయటికి పరుగెత్తాలి. డబ్బాలు కాపాడబోయి కాలినవాడికి కాంట్రాక్టరు శాలువా కప్పడు.

ఒంటికి అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడి దొర్లాలి. పక్కవాళ్లు గొంగడో మందపాటి దుప్పటో కప్పాలి, నైలాను చీర కాదు. ఆరాక కాలిన చోట చల్లటి నీళ్లు, ఐసు కాదు, మామూలు నీళ్లు, 20 నిమిషాలు ధారగా పొయ్యాలి. వాచేలోపే ఉంగరాలు, గాజులు, కడియాలు తీసెయ్యాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను పీకకూడదు. సిరా, పేస్టు, పసుపు, గుడ్డుసొన, నెయ్యి ఏదీ రాయకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకుపోవాలి. కంట్లో పడితే రెప్పలు విప్పి పదిహేను నిమిషాలకు తగ్గకుండా నీళ్లు పొయ్యాలి.

తాగితే? ఇది ఇళ్లల్లో జరిగేది. మిగిలిన థిన్నరును నీళ్ల సీసాలో పోసి ఇంటికి తెస్తారు, పొయ్యి పక్కన పెడతారు, పిల్లాడు తాగుతాడు. అప్పుడు ఉప్పునీళ్లు పట్టి కక్కించడం మనకు అలవాటు. ఇక్కడ కక్కించకూడదు. కక్కేటప్పుడు ఆ ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోయి అసలుకే ముప్పు తెస్తుంది. ఏమీ పట్టకుండా, సీసా వెంట తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి. అసలు నీళ్ల సీసాలో పొయ్యడమే మానాలి. ఖాళీ డబ్బా ఖాళీ కాదు, అందులో ఆవిరి ఉంటుంది. దాన్ని నీళ్లకు, బియ్యానికి వాడొద్దు, గ్యాసు కట్టింగు పెట్టి కొయ్యబోవద్దు. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డపీలికలను ముద్దచేసి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరచాలి, లేదా నీళ్లలో ముంచి ఇనప డబ్బాలో మూత పెట్టాలి. చేతుల రంగు థిన్నరుతో కడుక్కోవడం మానండి, చర్మం గుండా లోపలికి పోతుంది. కొబ్బరినూనె రుద్ది సబ్బుతో కడగండి. గర్భంతో ఉన్న ఆడవాళ్లను ఈ ఆవిరి దరిదాపులకు రానీయొద్దు.

చట్టం ఏమంటోంది? 1984 డిసెంబరులో భోపాల్ జరిగాక ఈ దేశానికి కాస్త మెలకువ వచ్చింది. కర్మాగారంలో ఏ రసాయనం ఉందో, దాని అపాయం ఏమిటో కార్మికుడికి చెప్పాలని 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. ఆ పాత చట్టాలన్నీ ఇప్పుడు నాలుగు లేబర్ కోడ్‌లలో కలిసిపోయాయి. 2025 నవంబరు 21 నుంచి అవి అమల్లో ఉన్నాయి. భద్రత గురించి యజమానిని అడిగి తెలుసుకునే హక్కు, ప్రాణాపాయం కనపడితే యజమానికీ అధికారికీ చెప్పే హక్కు కొత్త కోడ్‌లోనూ ఉన్నాయి. వినడానికి బాగుంది. కానీ మామూలుగా పదిమంది పనిచేసే చోటుకే ఆ కోడ్ వర్తిస్తుంది. మన ముఠాలో ఉండేది నలుగురు. పదిమందిలో ఒకడిగా చస్తే ఒక లెక్క, నలుగురిలో ఒకడిగా చస్తే ఇంకో లెక్కా? మురుగు కాల్వల్లో పోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. సఫాయి కార్మికులు ఏళ్ల తరబడి పోరాడి తెచ్చుకున్న తీర్పది. నీళ్ల సంపులో సీలరు కొడుతూ పోయినవాడి గురించి ఆ తీర్పు మాట్లాడదు. మాట్లాడించాల్సింది మనం. పదిమంది లెక్క తీసెయ్యమని, ప్రతి డబ్బా మీదా తెలుగులో, కళ్లకు ఆనే అక్షరాల్లో హెచ్చరిక ఉండాలని సంఘాలు తీర్మానాలు చేసి కలెక్టర్లకు ఇవ్వాలి.

ఈలోగా చేతిలో ఉన్నది వదులుకోవద్దు. పెయింటర్లు కూడా భవన నిర్మాణ కార్మికులే. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకుని కార్డు తీసుకోవాలి. కట్టేవాళ్ల దగ్గర సెస్సు వసూలయ్యేది మన కోసమే. పనిలో చేరిన రోజునే కాంట్రాక్టరు పేరు, ఇంటి చిరునామా రాసి ఇంట్లో ఇవ్వాలి. డబ్బా నాలుగు పక్కలా సెల్‌ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవాలి. డాక్టరుకు అదే ముందు కావాలి, తర్వాత వకీలుకూ అదే కావాలి. ప్రాణం పోతే శవం లేవకముందే పెద్దమనుషులు బేరానికి వస్తారు. వాళ్లు రాకముందే మన సంఘం అక్కడుండాలి. కేసు కట్టించాలి, పోస్టుమార్టం చేయించాలి, పని చేయించిందెవరో ఫిర్యాదులో రాయించాలి. పనిలో పోయినవాడికి పరిహారమన్నది 1923 నుంచీ చట్టంలో ఉన్న మాటే. ఇప్పుడది సామాజిక భద్రత కోడ్‌లో ఉంది.

పల్లెపల్లెనా పదో తరగతి చదివే పిల్లలున్నారు. ఆదివారం సాయంత్రాలు వాళ్లను కూర్చోబెట్టి డబ్బాల మీద రాతలు చదివించే పని మేం మొదలుపెడుతున్నాం. పిల్లలు చదువుతారు, మేం తెలుగు చెబుతాం, పనికి పోయే అన్నలు వింటారు. చదువు రానివాళ్లకు బొమ్మలు నేర్పుతాం. మూలమీద నిలబెట్టిన ఎర్రగీతల చదరంలో మంట బొమ్మ ఉంటే అంటుకుంటుందని, ఛాతీలో నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మ ఉంటే లోపలి అవయవాలకు చేటని. మీ పల్లెలో కూడా చెయ్యండి, మాస్టార్లు దొరక్కపోతే కబురు చెయ్యండి, మేమే వస్తాం. మీరు వాడుతున్న డబ్బా ఒకటి పట్టుకురండి. ఖాళీదైనా సరే, మూత గట్టిగా బిగించి తీసుకురండి.